ఎక్కడం సరే, దిగడం మాటేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. మైదానానికి ఆ మాట చెల్లుతుంది గానీ కొండకు చెల్లదు. అనంతగిరి, సుంకరమెట్ట వైపు ఫాల్గుణంలో కూడా తెల్లవారి రోడ్డు తడితడిగానే ఉంటుంది. అయినా మన దగ్గర రోడ్డు సైకిల్ జట్లు కొండ సాధన చేసుకోవడానికి సంక్రాంతికీ ఉగాదికీ మధ్యనున్న ఈ రెండు నెలలే అదును. ముందు వెళ్తే పొగమంచు, తర్వాత వెళ్తే ఎండ. విశాఖ, విజయనగరం కుర్రాళ్లు శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర ఘాట్ అందుకుని, తైడా, అనంతగిరి, గాలికొండ మీదుగా అరకు చేరతారు. మదనపల్లె వైపు వాళ్లకు 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్ ఉంది. హైదరాబాద్ వాళ్లు వికారాబాద్ అనంతగిరికి వెళ్తారు. పేరు ఒకటే గానీ ఆ ఎక్కుడు వేరు, ఈ ఎక్కుడు వేరు. అక్కడ సాధన చేసి ఇక్కడికి వచ్చినవాళ్లు బొడ్డవర దాటిన అరగంటకే ఆ తేడా గ్రహిస్తారు.

సైకిళ్లు విప్పి బిగించే పని, కుర్రాళ్ల చేత సాధన చేయించే పని చేసేవాళ్లం కనుక ఒక మాట రాయాలనిపించింది. ఈ జట్ల లెక్కంతా ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎక్కారన్నదాని మీదే నడుస్తుంది. చేతి వాచీ, హ్యాండిల్ మీద మీటరు, ఫోన్‌లో యాప్, అన్నీ ఎక్కడాన్నే కొలుస్తాయి. ఎక్కేటప్పుడు వేగం గంటకు ఎనిమిదో పదో కి.మీ. మాత్రమే. పడినా మోచెయ్యి గీసుకుంటుంది, అంతే. దిగేటప్పుడు అదే మనిషి అదే సైకిలు మీద 50 దాటతాడు. ఎముకలు విరిగేది అక్కడ. సైకిలు సిద్ధం చేసుకోవడమైనా, ఏ రోజు ఏం తొక్కాలో నిర్ణయించుకోవడమైనా దిగుడు నుంచి మొదలు కావాలి. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు.

ముందుగా బ్రేకుల సంగతి. మనిషి, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి 84 కిలోలనుకుందాం. 800 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి ఆ బరువు వదలాల్సిన శక్తి దాదాపు 660 కిలోజౌళ్లు. మామూలు నీళ్లు రెండు లీటర్లు మరగబెట్టడానికి సరిపోయే వేడి అది. అందులో కొంత ఎదురుగాలి తీసుకుంటుంది, మిగిలినదంతా రిమ్ములోకో డిస్కులోకో పోవాలి. భయపడే మనిషి ఏం చేస్తాడంటే పై నుంచి కింది దాకా రెండు బ్రేకులూ సన్నగా నొక్కిపట్టుకునే వస్తాడు. వేగం తక్కువ కాబట్టి గాలి తీసుకునే వాటా తగ్గిపోతుంది, బ్రేకు మీద పడే వాటా పెరుగుతుంది, చల్లారడానికి ఒక్క క్షణం కూడా దొరకదు. అల్యూమినియం రిమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, లోపల ట్యూబు వాల్వు మొదట్లో మెత్తబడి చిరుగుతుంది. కార్బన్ రిమ్ముకు షూ బ్రేకులైతే ఇంకా ప్రమాదం. పొరలను అతికించే రెజిన్ మెత్తబడి రిమ్ము అంచు ఉబ్బుతుంది. సన్నటి లేటెక్స్ ట్యూబులను అలాంటి రిమ్ములో వేసుకుని ఘాట్ దిగడం కోరి తెచ్చుకున్న చావు.

చేయవలసింది మలుపుకు ముందు, వంపు లేని తిన్నటి రోడ్డు మీదే రెండు మూడు సెకన్లు గట్టిగా నొక్కి, తర్వాత పూర్తిగా వదిలెయ్యడం. వదిలినప్పుడు ఒంటిని నిటారుగా ఎత్తి కూర్చుంటే ఛాతీయే తెరచాపలా గాలిని ఆపుతుంది. అది ఖర్చులేని బ్రేకు. ముందు బ్రేకు వాడితే బోర్లా పడతామన్న భయం చిన్నప్పటి అద్దె సైకిళ్ల నాటిది. ఆపే బలం ఎక్కువగా ముందు చక్రానిదే. నొక్కేటప్పుడు నడుము సీటు వెనక్కి జరిపి, చేతులు తన్నిపట్టి ఉంచితే బోర్లా పడరు. దీన్ని ఘాట్ మీద నేర్చుకోకూడదు. ఖాళీ మైదానంలో సుద్దతో ఒక గీత గీసి, 25 కి.మీ. వేగంతో వచ్చి, గీత మీద నొక్కి, ఎన్ని మీటర్లలో ఆగారో అడుగులతో కొలుచుకోవాలి. పొడి నేల మీద ఐదారు మీటర్లలో ఆగగలిగే దాకా కొండ జోలికి పోనవసరం లేదు. ఒక్క సాయంత్రంలో అయిపోయే పని ఇది. మన జట్లలో ఇది చేసేవాళ్లు చాలా తక్కువ.

వేగం గురించి రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. గంటకు 30 కి.మీ. మీద ఉండగా అడ్డం వచ్చినదాన్ని చూసి, ఒక సెకను ఆలోచించుకుని, బాగా నొక్కి ఆగడానికి పట్టే దూరం సుమారు 15 మీటర్లు. 50 మీద ఉంటే 34. అదీ పొడిగా, సమంగా ఉన్న రోడ్డు మీద లెక్క. దిగుడులో పెరుగుతుంది, తడిలో ఇంకా పెరుగుతుంది. మలుపులో కళ్లకు ఎంత దూరం కనిపిస్తుందో అంత దూరంలో ఆగగలిగే వేగమే మన వేగం. 15 మీటర్లే కనబడే మలుపులో 50 మీద వచ్చే మనిషి ధైర్యవంతుడు కాడు, లెక్క రానివాడు.

షూ బ్రేకుల వాళ్లు బయల్దేరడానికి వారం ముందే షూలు విప్పి చూడాలి. రబ్బరు మీద గాడులు కనబడకపోతే అరిగిపోయినట్టే. గాడులున్నా, వాటి మధ్య వెండి రంగులో మెరిసే రేకు ముక్కలు, ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. సూదితో వాటిని పెకలించి, రబ్బరు ముఖాన్ని సాండ్‌పేపరు మీద నాలుగు రుద్దులు రుద్దాలి. అలా చేయకపోతే ఆ ముక్కలే రిమ్మును చెక్కుతాయి. రిమ్ము పక్క గోడ మీద స్కేలు ఆనించి చూస్తే మధ్యలో గుంటపడి కనిపించే చక్రం ఊళ్లో తిరగడానికి కూడా పనికిరాదు. పలచబడ్డ గోడను టైరు గాలే లోపలి నుంచి చీల్చేస్తుంది.

డిస్కు బ్రేకుల వాళ్లకు వేరే రోగాలు. ప్యాడు మీద రాపిడి పొర అర మిల్లీమీటరుకు వస్తే మార్చాలి. కొత్త ప్యాడ్లు వేసుకుని నేరుగా ఘాట్‌కు రావడం మహా తప్పు. కొత్త ప్యాడు డిస్కుతో కుదురుకోవాలి. 25 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆగకుండా, ఇరవైసార్లు తగ్గిస్తేనే దానికి పట్టు వస్తుంది. లేదంటే మొదటి పెద్ద దిగుడులోనే ప్యాడు గాజులా నున్నబడి, కీచుమని అరుస్తుందే తప్ప ఆగదు. ఇంకో ముఖ్యమైన మాట: షిమానో కంపెనీ డిస్కు బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. శ్రామ్ కంపెనీ రోడ్డు సైకిల్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్ పోస్తారు. దారిలో ఆయిలు తగ్గిందని కార్ల వర్క్‌షాపుకు తీసుకెళ్తే వాళ్ల దగ్గరుండేది డాట్ ఒక్కటే. అది మినరల్ ఆయిల్ బ్రేకులో పడితే రబ్బరు సీళ్లు ఉబ్బి, లివరు స్పాంజిలా అయిపోతుంది. లివరు మీద ఏం రాసి ఉందో చదవకుండా ఎవరి చేతా చుక్క కూడా పోయించుకోకండి. అలాగే సర్వీసింగ్ పేరుతో డీజిలు, కిరసనాయిలు పోసి కడిగించడం. చైనుకు అది బాగానే ఉంటుంది. ఆ తుంపర డిస్కు మీద పడితే ప్యాడు పీల్చుకుంటుంది, ఇక ఎంత తుడిచినా బ్రేకు పట్టదు.

టైర్ల గురించి ఓ అపోహ ఉంది. ఎండకు పేలుతుందని కొండ కింద గాలి తీసేస్తుంటారు. పొద్దున 20 డిగ్రీల్లో 85 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నం 35 డిగ్రీలకు వచ్చినా పెరిగేది ఐదు పీఎస్ఐ. దానికి ఏ మంచి టైరూ పేలదు. పేల్చేది బ్రేకు వేడి. గాలి తక్కువైతే గోతిలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. 70 కిలోల మనిషికి 25 మి.మీ. వెడల్పు టైరులో 80-85, 28 మి.మీ. అయితే 65-70 పీఎస్ఐ మన రోడ్లకు సరిపోతుంది. అంచు కొక్కెం లేని కొత్త రకం రిమ్ములకు మాత్రం ఐదు బార్లు, అంటే 72 పీఎస్ఐ, దాటకూడదు. వెనక టైరు త్వరగా అరుగుతుంది కదా అని అరిగినదాన్ని ముందుకు, కొత్తదాన్ని వెనక్కి మార్చుకునేవాళ్లున్నారు. వెనక టైరు పేలితే చాలాసార్లు తమాయించుకోవచ్చు, ముందుది పేలితే నేరుగా నేల మీదే. కొత్త టైరు ఎప్పుడూ ముందుకే.

గేర్ల సంగతి ఎక్కడానికి సంబంధించినదేగా అనుకుంటారు. దిగడానికీ సంబంధం ఉంది, ఎందుకంటే ఎక్కేటప్పుడు మోకాళ్లు, నడుము అరగదీసుకున్న మనిషి దిగేటప్పుడు చేతులు బిగదీసుకుని దిగుతాడు. లెక్క తేలిక. చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిలు 2.1 మీటర్లు పోతుంది. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకు అంతే దూరం. గంటకు 8 కి.మీ. వేగానికి నిమిషానికి 63 చుట్లు తొక్కాలి. వెనక పెద్ద పళ్ల చక్రం 28 అయితే 52 చుట్లు. పాత మోడలులో ముందు చిన్నది 42 ఉండి వెనక 28 ఉంటే 42 చుట్లు. ఆ చివరి లెక్క మీద రెండు గంటలు తొక్కితే మోకాలి చిప్ప కింద నొప్పి పుట్టక మానదు. మొహమాటపడకుండా 32 గానీ 34 గానీ వేసుకోండి. టూర్ డి ఫ్రాన్స్ వీరులే కొండ రోజున చిన్న గేర్లు వేసుకుంటున్నప్పుడు మనకెందుకు పరువు బాధ?

అయితే పెద్ద క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) వేసినప్పుడు రెండు పనులు మరవకూడదు. చైను పాతదే ఉంచితే పొట్టిదైపోతుంది. ముందు పెద్దది, వెనక పెద్దది పడ్డ క్షణాన అది బిగుసుకుని, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డీరైలర్‌ను పీకేస్తుంది. చైనును డీరైలర్‌లో దూర్చకుండా ఆ రెండు పెద్ద చక్రాల మీద చుట్టి, చివరలు కలిసిన చోటు నుంచి ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం, ఎక్కువ ఉంచి తెంచాలి. రెండోది డీరైలర్ హ్యాంగరు. ఫ్రేముకు డీరైలర్‌ను పట్టి ఉంచే ఆ చిన్న అల్యూమినియం ముక్క మెత్తగా ఉండటమే దాని ధర్మం, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలని. బస్సు మీద వేసినప్పుడు, కారు డిక్కీలో కుడివైపు పడుకోబెట్టినప్పుడు అది మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి వంగుతుంది. మైదానంలో వెనక అతి పెద్ద పళ్ల చక్రం ఎవరూ వాడరు కనుక తెలియదు. ఘాట్‌లో మొట్టమొదటిసారి ఆ చివరి గేరు వేస్తారు, డీరైలర్ స్పోకుల్లోకి వెళ్తుంది, టకటకమని నాలుగు స్పోకులు తెగుతాయి, హ్యాంగరు విరుగుతుంది. సైకిలు దించిన వెంటనే, కొండ కిందే, వెనక చక్రం ఎత్తిపట్టి చివరి గేరు దాకా వేసి, వెనక నుంచి చూడండి. డీరైలర్‌లో చైను నడిచే బోను చక్రానికి సమాంతరంగా నిలువుగా వేలాడాలి. వంకరగా ఉంటే అక్కడికక్కడే ఆ గేరు పడకుండా డీరైలర్ మీది 'లో' లిమిట్ స్క్రూ బిగించుకుని ఒక గేరు తక్కువతో ఎక్కడం మేలు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం హ్యాంగరు, అరకులో దొరకదు, విశాఖలోనూ అడగ్గానే దొరకదు. ఎవరిది వాళ్లు ఒకటి కొని సీటు కింది సంచిలో పడేసుకోవాలి.

ఎక్కేటప్పుడు జట్టుగా ఎలా ఉండాలన్నది పెద్ద విషయం కాదు. మైదానంలో 35 కి.మీ. వేగంలో ముందువాడి వెనక దాక్కుంటే పావు వంతుకు పైగా శ్రమ తగ్గుతుంది. ఘాట్‌లో పది కి.మీ. వేగంలో గాలి లెక్కే లేదు, 84 కిలోలను ఆరు శాతం వాలు మీద ఆ వేగంతో లాగడానికి కావలసిన 150 వాట్లలో దాదాపు అంతా బరువుకే పోతుంది. కాబట్టి ముందువాడి చక్రం అంటుకుని ఊపిరి ఎగబీల్చుకుంటూ పోవడంలో లాభం లేదు. ఎవరి ఊపిరి వాళ్లది. మలుపులు లేని, రోడ్డు పక్కన మట్టిలోకి దిగి నిలబడగల చోట్లు ముందే చెప్పుకుని అక్కడ కలుసుకోవాలి. మలుపులోనే గుంపుగా ఆగి ఫొటోలు తీసుకునేవాళ్లకు మాత్రం దండం పెట్టి చెబుతున్నాం, కింద నుంచి వచ్చే బస్సు డ్రైవరుకు మీరు కనబడేది మీదికి వచ్చాకే.

ఇంకో భ్రమ, కొండ మీద మూడు రోజులుంటే రక్తం పెరుగుతుందని. యూరప్ జట్లు వసంతపు పందేలకు ముందు టెనెరిఫ్ దీవిలో టైడే అగ్నిపర్వతం మీద రెండు వేల మీటర్లకు పైన మకాం వేసేది అందుకోసమే, అదీ రెండు మూడు వారాలు. మన అరకు లోయ ఎత్తు తొమ్మిది వందల మీటర్ల చిల్లర. దాని వల్ల ఎర్రకణాలకు ఒరిగేది లేదు. మనం ఘాట్‌కు వెళ్లేది ఎడతెగని ఎక్కుడు కోసం, మలుపుల కోసం. అదే జట్లు వెళ్లే మయోర్కా దీవిలో సా కలోబ్రా అని ఒక రోడ్డుంది. సముద్రం దాకా వెళ్లి ఆగిపోతుంది. ముందు దిగాలి, తర్వాతే అదే రోడ్డు ఎక్కాలి. కాళ్లు తాజాగా ఉండగా దిగుతారన్న మాట. మన ఘాట్‌లలో అందుకు వ్యతిరేకం, అలసిపోయాక దిగాలి. అందుకే రోజుల అమరిక మార్చుకోమంటున్నాం.

మామూలుగా జరిగేది ఇది. మొదటి రోజు అందరూ పోటీపడి పైదాకా ఎక్కేస్తారు. రెండో రోజు కాళ్లు ఈడ్చుకుంటూ చుట్టుపక్కల తిరుగుతారు. మూడో రోజు నిద్ర చాలక, ఇంటికి చేరాలన్న తొందరలో ఘాట్ మొత్తం ఒక్క ఊపులో దిగుతారు. దీని బదులు మొదటి రోజు మాట్లాడుకుంటూ ఎక్కగలిగే వేగంలో ఎక్కి, మధ్యలో రెండు మూడు మలుపులున్న ఒక కిలోమీటరు ముక్క చూసుకుని, ముందు దాన్ని కాలినడకన నడిచి, కంకర ఎక్కడుందో, సిమెంటు అతుకులు ఎక్కడున్నాయో చూసి, తర్వాత 20, 25, 30 కి.మీ. వేగాల్లో వరసగా దిగి సాధన చేయాలి. గట్టి ఎక్కుళ్లు రెండో రోజుకు పెట్టుకోవాలి. ఇరవై నిమిషాలు శక్తికొద్దీ తొక్కే పరీక్షలో వచ్చిన సగటు వాట్లను 0.95తో గుణిస్తే వచ్చేదానిలో 85 నుంచి 90 శాతం మీద పన్నెండేసి నిమిషాలు మూడుసార్లు, మధ్య ఆరేసి నిమిషాలు విశ్రాంతి. అది చాలు. మూడో రోజు పొద్దెక్కాక, రోడ్డు ఆరాక, ఆగుతూ ఆగుతూ దిగాలి. ఈ మూడు రోజులకైనా ముందు ఆరు వారాలు మైదానంలో క్రమంగా తొక్కి ఉండాలి. జ్వరం తగ్గి వారం కాని వాణ్ణి ఎంత బతిమాలినా తీసుకురాకండి.

తిండి గురించి క్లుప్తంగా. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది, కాబట్టి గంటకు రెండు పళ్లు, చిన్న బెల్లం ముక్క. పల్లీ చిక్కీ రుచే గానీ అందులో నూనె ఎక్కువ, ఎక్కేటప్పుడు అరగదు. ఓఆర్ఎస్ తాగితే బలం వస్తుందనుకుంటారు. లీటరు పొట్లంలో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే, అది చెమటలో పోయిన ఉప్పుకు మందు, ఆకలికి కాదు. పైగా లీటరు పొట్లాన్ని ముప్పావు లీటరు సీసాలో మొత్తం గుమ్మరించి, చిక్కగా తాగి, కడుపు ఉబ్బిందంటారు. లీటరు పొట్లం లీటరు నీళ్లలోనే కలపాలి.

పైకి చేరాక జరిగే పొరపాటు ఇంకొకటి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఒళ్లంతా చెమట. టీ తాగి, కబుర్లు చెప్పుకుని, అదే తడి జెర్సీతో దిగడం మొదలుపెడితే 40 కి.మీ. గాలికి పది నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి. కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకు నొక్కలేవు. గాలి చొరని పల్చటి జాకెట్ మడతపెడితే గుప్పెట్లో పడుతుంది. అది లేకపోతే, సంపాదకులు గారూ, మీ పత్రిక ఉండనే ఉంది. ఛాతీ మీద జెర్సీ లోపల రెండు పేజీలు మడతపెట్టుకుంటే గాలి ఆగుతుంది, చెమటా పీల్చుకుంటుంది. యూరప్ పందేల్లో కొండ కొసన ప్రేక్షకులు సైక్లిస్టులకు పత్రికలు అందించడం ఎప్పటి నుంచో ఉన్న ఆచారమే. ఆ రోజు పత్రికే కానవసరం లేదు, నిన్నటిదైనా పని చేస్తుంది.

ఇక మలుపులు. టీవీలో పందెం చూసి, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కోసుకుంటూ మలుపు తిరగడం నేర్చుకుంటారు. అక్కడ రోడ్డు మూసేసి ఉంటుందన్న సంగతి మరిచిపోతారు. మనకున్నది ఎడమ సగం మాత్రమే. ఎడమ మలుపులో లోపలి అంచున ఉంటాం, వంపు బిగువుగా ఉంటుంది, వేగం ఎక్కువైతే సైకిలు దానంతటదే కుడికి, ఎదురు బస్సు ముందుకు, జారిపోతుంది. కాబట్టి ఎడమ మలుపుకు వేగం ఎక్కువ తగ్గించాలి. కుడి మలుపులో తేలికగా అనిపిస్తుంది, కోయాలనిపిస్తుంది. అయితే పైకెక్కే పొడుగు బస్సు హెయిర్‌పిన్ లాంటి మెలిక మలుపులో తిరగాలంటే రోడ్డు మొత్తం వాడుకోవాల్సిందే. మీరు కోసే చోటే దాని ముందు బంపరు ఉంటుంది. చేతులు హ్యాండిల్ కింది వంపులో, వంపు బయటివైపు పాదం కిందికి, బరువంతా దాని మీద, చూపు మలుపు అవతలికి. చూసిన వైపే సైకిలు పోతుంది, గోతిని చూస్తే గోతిలోకే. వేగంలో హ్యాండిల్ గడగడ ఊగడం మొదలైతే గట్టిగా పట్టుకోకూడదు. సీటు మీద బరువు కాస్త లేపి, మోకాళ్లతో పై గొట్టాన్ని నొక్కిపట్టి, వెనక బ్రేకు మెల్లగా వేయాలి.

మనిషికీ మనిషికీ మధ్య నాలుగైదు సెకన్ల ఎడం. బాగా దిగగలిగేవాడు ముందుండాలి, అతన్ని దాటే పని ఎవరికీ ఉండదు. అనుభవం ఉన్న ఇంకొకరు చివర. దిగుడులో దాటడం నిషేధమని బయల్దేరేముందే ఒట్టు పెట్టుకోండి. వెనక కారు పెట్టుకుంటే అది చివరి సైకిలుకు 30-40 మీటర్ల వెనక ఉండాలి, పక్కన నడుస్తూ వీడియో తీయకూడదు. ఘాట్‌లో చాలా చోట్ల ఫోన్ సిగ్నలు ఉండదు. 108కి చేయాలన్నా సిగ్నలు దొరికే చోటుకు ఒకరు పోవాలి కనుక ఆ చోట్లు ఎక్కేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి. తలకు దెబ్బ తగిలినవాడు బాగానే ఉన్నానన్నా మళ్లీ సైకిలు ఎక్కనివ్వద్దు.

ఈ కాలానికే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని. శిశిరంలో రాలిన ఆకులు మలుపు లోపలి అంచున పోగవుతాయి, కింద మంచు తడి అలాగే ఉంటుంది, పైన ఎండినట్టు కనిపిస్తుంది. ఎండ తొమ్మిదింటికి గానీ చేరని మలుపులు కొండకు పడమటి వైపున చాలా ఉంటాయి. ఫాల్గుణం ముదిరితే ఇప్పపూలు రాలతాయి, చక్రం కింద నలిగితే జారుడుబండే. కొండ దిగాక ఊళ్ల పొలిమేరల్లో ఉలవకట్టె, కందికట్టె రోడ్డు మీద పరచి ఉంటుంది, వచ్చేపోయే బండ్లే నూర్చిపెడతాయని. కారుకు అది చిన్న కుదుపు. సైకిలుకు మాత్రం కట్టెపుల్ల డీరైలర్‌లో ఇరుక్కుని హ్యాంగరు విరుగుతుంది, గుండ్రటి ఉలవలు బేరింగు గుండ్లలా టైరు కింద దొర్లుతాయి. రైతును తిట్టి లాభం లేదు, కళ్లం లేక పరిచాడు. దిగి నడిపించుకుపోవాలి. వ్యూ పాయింట్ల దగ్గర కోతులు ఇంకో తంతు. జనం పళ్లు విసరడం అలవాటు చేశారు కనుక అవి రోడ్డుకు అడ్డంగా దూకుతాయి. జెర్సీ వెనక జేబులో అరటిపండు బయటకు కనిపించేలా పెట్టుకుని అక్కడ ఆగకండి.

డ్రైవర్లకు చెప్పాల్సింది ఎక్కువేమీ లేదు. రెండు బండ్లు తేలికగా తప్పుకోలేని ఇరుకు కొండరోడ్డు మీద ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని మన నిబంధనలే చెబుతున్నాయి, ఎక్కే సైకిలుకూ అలాగే దారివ్వండి. ఎక్కే సైకిలు తూలుతుంది, పక్కన కనీసం ఒకటిన్నర మీటరు ఖాళీ ఉంటేనే దాటండి, లేకపోతే మలుపు దాటే దాకా ఓపిక పట్టండి. చెవి పక్కకొచ్చి గాలి హారన్ కొడితే సైకిలు మనిషి ఉలిక్కిపడేది మీ వైపుకే. దిగే సైకిలు మీ కారు కన్నా వేగంగా మలుపు తిరగగలదు, దాన్ని దాటాలన్న పట్టుదల వద్దు.

రోడ్ల అధికారులను కోరేవి మూడు చిన్న పనులు. కల్వర్టుల దగ్గర ఇనుప జాలీ కడ్డీలు రోడ్డు పొడవునా ఉంటే సైకిలు చక్రం సందులో దిగబడుతుంది. వాటిని అడ్డంగా తిప్పి అమర్చాలి. దిగుడులో స్పీడ్ బ్రేకరుకు తెల్ల గీతలు చెరిగిపోయి ఉంటాయి. ఏటా సంక్రాంతి తర్వాత ఒకసారి గీయాలి. రోడ్డు పనుల కంకర మలుపుల్లో పోయకుండా వంపు లేని తిన్నటి ముక్కల్లో పోయించాలి. ఇవి ఒక్క సైకిళ్లకే కాదు, సంతకు ముగ్గురేసి వెళ్లే మోటారు సైకిళ్లకూ మేలే.

మీ పత్రికకు ఒక మనవి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో శుక్రవారం జిల్లా పేజీలో రెండంగుళాల చోటు ఇవ్వండి. ఆ వారం ఏ ఘాట్‌లో ఎక్కడ పనులు జరుగుతున్నాయి, ఎక్కడ కంకర పోశారు, పొద్దున పొగమంచు ఎన్ని గంటలకు విడుతోంది, ఈ మూడు ముక్కలు చాలు. శనివారం తెల్లవారుజామున సైకిళ్లు కారుకెక్కించే ముందు చదువుకుంటాం. తర్వాత ఆ పేజీ జెర్సీ లోపలికి ఎలాగూ పనికొస్తుంది.

ఇట్లు,
సైకిల్ శిక్షకులు, మెకానిక్‌లు కొందరు,
విశాఖపట్నం